వంపు మీద ఉప్పుకాగితం

బల్లకో తలుపుకో ఉప్పుకాగితం పట్టినవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉంటారు. అరచేతిలో ఇమిడే చెక్కముక్కకు కాగితం చుట్టి, అటూ ఇటూ పది నిమిషాలు లాగితే పని అయిపోతుంది. పడవ దగ్గరికి వచ్చేసరికి ఆ చెక్కముక్క పనికిరాదు. పడవ ఒంటిమీద బల్లపరుపుగా ఉన్న చోటు జానెడు కూడా దొరకదు గదా! ముక్కు దగ్గర ఒక వంపు, కడుపు దగ్గర ఇంకొకటి, వెనక్కి పోయేకొద్దీ మరొకటి. ఒకదానిలోంచి ఒకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా సాగిపోతుంటాయి. నోవహు ఓడకు లోపలా వెలుపలా కీలు పూసిన సంగతి ఆదికాండము 6వ అధ్యాయములో చదువుకున్నాం గాని, పూతకు ముందు ఆ చెక్కను ఎవరు రుద్దారో, ఎన్నాళ్ళు రుద్దారో అక్కడ లేదు. మా మేనమామ దగ్గర రెండు వేసవులు రుద్దినవాడిని గనుక నాకు మాత్రం ఆ అనుమానం ఎప్పుడూ వస్తూనే ఉంటుంది.

మా మావయ్య తాళ్ళరేవు ప్రాంతంలో పడవల వడ్రంగి. కాకినాడ నుండి దక్షిణంగా యానాం వైపు వెళ్ళే దారిలో ఉంది తాళ్ళరేవు. ఆ పక్కనే కోరంగి. ఒకప్పుడు కోరంగి పేరున్న ఓడరేవు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి సముద్రం పొంగి ఊరి మీద పడింది. రెండోసారి దెబ్బతో ఆ రేవు మళ్ళీ లేవలేదు. అయినా ఆ చుట్టుపట్ల చెక్కపడవలు కట్టే పని మాత్రం ఆగలేదు. కాలవ గట్టున తాటాకు పందిరి వేసి, దాని కింద పడవను నిలబెట్టి, బాడిసెతో చెక్కి, చిత్రికతో సాపు చేసి, పలకల సందుల్లో దూది పేట్లు దట్టించి నెలల తరబడి కట్టేవారు.

1978 వేసవి సెలవుల్లో, నాకు 14 ఏళ్ళప్పుడు, ఇంట్లో అల్లరి పడలేక అమ్మ నన్ను అక్కడికి పంపింది. మావయ్య నాకిచ్చిన మొదటి పని ఉప్పుకాగితం.

వేళ్ళతో పట్టకూడదు

ఉప్పుకాగితం అని పేరే గాని అందులో ఉప్పు లేదు, ఈ రోజుల్లో ఇసుక కూడా లేదు. పూర్వం గాజు నలగ్గొట్టి అంటించేవారు. తర్వాత గోమేధికం జాతి రాతిపొడి వచ్చింది. ఇప్పుడు దొరికేవి ఎక్కువగా కొలిమిలో తయారైన గట్టి రవ్వలు. ఈ కాగితం తయారీకి అమెరికాలో 1834లో పేటెంటు తీసుకున్నారు. నీళ్ళలో తడిపి రుద్దే వాటర్ పేపర్ 1921 నుండి ఉంది. అంతకు ముందు సముద్రపు దేశాలవాళ్ళు ఎండిన సొరచేప తోలుతో రుద్దేవారు. మన పల్లెల్లోనైతే బరివెంక ఆకు, పారిజాతం ఆకు ఉండేవి. పారిజాతం ఆకును వేళ్ళ మధ్య ఒకసారి నలిపి చూడండి, పిల్లి నాలుక తగిలినట్టే ఉంటుంది.

కాగితం వెనక ఉండే నంబరు రవ్వ సైజుకు గుర్తు. 60 అంటే అంగుళానికి 60 కన్నాలున్న జల్లెడలో దిగే రవ్వ అని స్థూలంగా చెప్పుకోవచ్చు. కనుక నంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది. పడవకు 60తో మొదలుపెట్టి 80కి, అక్కడి నుండి 120కి పోతాం. 60 నుండి ఒక్కసారిగా 180కి దూకితే, 60 గీసిన గీతలు అలాగే ఉండిపోతాయి. ఆ సంగతి రంగు వేశాక గాని కనబడదు.

నేను మొదటిరోజు ఏం చేశానంటే, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వేళ్ళతో అదిమి రుద్దడం మొదలుపెట్టాను. వంపు మీద చెక్కముక్క ఆనడం లేదు, వేళ్ళయితే ఎలా కావాలంటే అలా వంగుతాయి, ఇంతకన్నా సుఖం ఏముంది అనుకున్నాను. గంట తర్వాత మావయ్య వచ్చి చూశాడు.

"ఏరా అల్లుడూ, పడవ కడుతున్నామా, పొలం దున్నుతున్నామా?"

నాకు అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని పలక మీద అడ్డంగా రాయించాడు. నిజంగానే సన్నని చాళ్ళు! నాలుగు వేళ్ళకు నాలుగు చాళ్ళు.

చెక్క అంతటా ఒకే గట్టిగా ఉండదు. ఒక చార మెత్తన, ఒక చార గట్టి. వేలి కండ మెత్తగా ఉంటుంది గనుక మెత్తని చారలోకి దిగిపోయి దానినే తవ్వుతుంది, గట్టి చారను ఎక్కి దాటిపోతుంది. ఎంత ఎక్కువ రుద్దితే అంత ఎగుడుదిగుడు. ముడి ఉన్నచోట మరీ అన్యాయం. ముడి చెక్కుచెదరదు, దాని చుట్టూ పళ్ళెంలా పల్లం పడుతుంది. లప్పం పెట్టిన మేకుల గుంటల దగ్గర కూడా ఇదే గొడవ. లప్పం గట్టిది, చెక్క మెత్తన. వేళ్ళతో రుద్దితే ఆ మేకుల వరుస వరుసంతా బుడిపెలుగా తేలుతుంది.

పోనీ చెక్కముక్క చుట్టి రుద్దితే? అది ఉబ్బెత్తు వంపు మీద ఒక గీత వెంబడే ఆనుతుంది. ఆనిన చోటల్లా చిన్న చిన్న చదును పట్టీలు పడతాయి. దూరం నుండి చూస్తే పడవ కాదు, చెక్కిన దోసకాయ.

పొడుగు బద్ద

వంపుకు కావలసింది ఈ రెండింటికీ మధ్యది. మావయ్య దగ్గర మూరన్నర పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, పావు అంగుళం మందం ఉన్న టేకు బద్ద ఒకటి ఉండేది. రెండు చివర్లా రెండు చెక్క పిడులు. కింద ఉప్పుకాగితం పట్టీ పరిచి, చివర్లు పైకి మడిచి చిన్న మేకులు కొట్టేవాడు. రెండు చేతులతో పిడులు పట్టుకుని వంపు మీద అదిమితే బద్ద విల్లులా వంగుతుంది. వంగి, మిట్టల మీద ఆనుతుంది. జానెడు వెడల్పున్న పల్లం వస్తే దానిలోకి దిగదు, వంతెనలా పైనుండి దాటిపోతుంది. అందులోనే ఉంది కిటుకంతా. మిట్ట తరగాలి, పల్లం తరగకూడదు. వంపు ఎంత బిగువైతే బద్ద అంత పల్చగా ఉండాలి. పడవ కడుపు దగ్గరికి పావు అంగుళం బద్ద సరిపోయేది, ముక్కు దగ్గరికి అందులో సగం మందమున్నది ఇంకొకటి తీసేవాడు.

ఏ దిక్కున లాగాలన్నది మరొక ప్రశ్న. చెక్క పోగు వెంబడి లాగాలని బల్లల పని చేసేవాళ్ళు చెబుతారు. పడవ మీద మొదటి నుండీ అలా లాగితే పలక పొడుగునా కాలవలు పడతాయి. కాబట్టి ముందు ఏటవాలుగా, కుడి మీది నుండి ఎడమ కిందికి పది బారలు లాగాలి. ఆ తర్వాత దానికి అడ్డంగా, ఎడమ మీది నుండి కుడి కిందికి. గోడకు సున్నం వేసేటప్పుడు అడ్డం ఒక చెయ్యి, నిలువు ఒక చెయ్యి వేస్తారు చూశారా, అలాగ. రెండు ఏటవాళ్ళూ కలిసిన చోట మిట్టలు మిగలవు. అంతా అయ్యాక, సన్న కాగితంతో, చివరి చెయ్యి మాత్రం పోగు వెంబడి. అడ్డగీతలు అప్పుడు చెరిగిపోతాయి.

చెప్పడానికి రెండు ముక్కలే. పాతిక అడుగుల పడవకు ఒక పక్క ఇలా లాగేసరికి నాకు రెక్కలు పడిపోయాయి. అత్తయ్య రాత్రి కొబ్బరినూనె కాచి భుజాలకు రాస్తూ, "చదువు మీద మనసు పెట్టు నాయనా" అని మెల్లగా అంది. ఆ మాట మాత్రం బాగా పనిచేసింది, టీచరు ట్రైనింగుకు వెళ్ళాను.

బొగ్గుపొడి, ఏటవాలు ఎండ

మిట్టేదో పల్లమేదో తెలిసేదెలా? దీనికి మావయ్య మూడు దారులు వాడేవాడు.

మొదటిది బొగ్గు. పొయ్యిలో బొగ్గు మెత్తగా నూరి, గుడ్డమూటలో కట్టి, పలకల మీద పలచగా అద్దేవాడు. తర్వాత పొడుగు బద్దతో రెండు ఏటవాళ్ళూ లాగితే, మిట్టల మీద నలుపు పోయి చెక్క బయటపడుతుంది, పల్లాల్లో నలుపు ఉండిపోతుంది. కొత్తవాడికి ఇంతకన్నా మంచి గురువు లేడు. అయితే ఇక్కడ ఒక శోధన ఉంది. నల్లమచ్చ కనబడగానే, బద్ద పక్కన పడేసి, చిన్న కాగితం ముక్కతో ఆ మచ్చనే రుద్దెయ్యాలనిపిస్తుంది. రుద్దితే మచ్చ పోతుంది, గుంట పెరుగుతుంది. లోతు తక్కువైతే చుట్టూ ఉన్న మిట్టను ఇంకొంచెం దించవచ్చు. లోతు ఎక్కువైతే లప్పంతో నింపాలి. అంతే గాని ఒక గుంట కోసం పలకంతా పల్చన చేసుకోకూడదు. తీసిన చెక్కను మళ్ళీ పెట్టే ఉప్పుకాగితం ఎవరూ కనిపెట్టలేదు.

రెండవది వెలుగు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పడవంతా నున్నగానే కనబడుతుంది. పొద్దున 7 గంటలకు, మళ్ళీ సాయంత్రం పొద్దు వాలేటప్పుడు ఎండ పలకల మీద ఏటవాలుగా జారుతుంది. అప్పుడు ప్రతి మిట్టకూ ఒక నీడ. మావయ్య ఆ రెండు వేళల్లో బద్ద ముట్టుకునేవాడు కాదు. బీడీ వెలిగించుకుని పడవ చుట్టూ తిరుగుతూ, సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాడు. పని ఎగ్గొడుతున్నాడనుకునేవాణ్ణి. అసలు పని అదేనని తర్వాత తెలిసింది. వెలుగు చాలనప్పుడు పడవ పక్కన లాంతరు పెట్టి, కన్ను పలకకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసేవాడు.

మూడవది అరచెయ్యి. వేళ్ళ కొనలు కాదు సుమా! చెయ్యి పూర్తిగా చాచి, బరువు వెయ్యకుండా, కళ్ళు మూసుకుని, వంపు సాగిన దిక్కునే నెమ్మదిగా నడిపించాలి. మధ్యలో పలచని నూలుగుడ్డ ఉంటే చెయ్యి ఇంకా సులువుగా జారుతుంది, మిట్ట ఇంకా బాగా తెలుస్తుంది. గుడ్డ అడ్డముంటే తెలియకపోవాలి గదా అని నేను వాదించాను. గుడ్డ లేకపోతే గరుకుదనమే చేతికి తెలుస్తుందట, గుడ్డ ఉంటే ఆ గరుకు పోయి వంపు ఒక్కటే తెలుస్తుందట. చేసి చూడండి, నిజమే. "నడక తెలవాలిరా, నడక" అనేవాడు. వంపు మీద చెయ్యి తడబడకుండా పోతే పడవకు నడక వచ్చినట్టు. ఎక్కడైనా చెయ్యి తొట్రుపడితే అక్కడ సుద్ద గీత.

ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. చేపలు పట్టే పడవ, పెళ్ళికూతురు కాదు గదా. తెడ్డుతో నడిచే చిన్న పడవకు గోరంత మిట్ట వల్ల వేగమేమీ తగ్గదు, అది ఒప్పుకోవాలి. అసలు భయం వేరు. చాళ్ళు, గరుకు ఉన్నచోట రంగు సమంగా పట్టదు. పదునైన అంచుల మీద రంగు పల్చనవుతుంది. అందుకే అంచులన్నీ చిటికెన వేలంత గుండ్రంగా తీస్తారు. రంగు లేచిన చోట ఉప్పునీటిలో ఓడపురుగు చేరుతుంది. అది నిజానికి పురుగు కాదు, ఆల్చిప్ప జాతిది. సూదిమొనంత పిల్లగా చెక్కలోకి దూరి, లోపల తింటూ పెరుగుతుంది. బయటికి చిన్న బెజ్జం, లోపల చెక్కంతా తేనెపట్టు. ఏ కుటుంబానికైనా పడవ పోయిందంటే తిండి పోయిందన్నమాట.

రంగు వేసే పడవను మరీ అద్దంలా నున్నగా చేయడం కూడా పొరపాటే. 120 నంబరు దగ్గర ఆపాలి. అంతకు మించి నునుపు చేస్తే రంగుకు పట్టు దొరకదు.

అక్కగారి పడవ

ఇదంతా నేర్చుకుని, 20 ఏళ్ళ తర్వాత నేను చేసిన నిర్వాకం ఇప్పుడు చెప్పాలి.

మా అక్కా బావా గౌతమి పాయలో ఒక లంకలో ఉండేవారు. కొబ్బరి, కూరగాయలు ఒడ్డుకు చేర్చాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా పడవే దారి. వాళ్ళ మామిడి చెక్క పడవ అడుగు చివికిపోయింది. 1998 మే నెలలో కొత్తది కట్టుకోవాలని నిశ్చయించారు. టేకు కొనే శక్తి లేదు. మెరైన్ ప్లైవుడ్‌తో 14 అడుగుల పడవ కడదామని నేనే సలహా ఇచ్చాను. ఒక పుస్తకంలో బొమ్మలతో సహా చూశాను. ప్లైవుడ్ పలకలను కొలతకు కోసి, అంచుల్లో బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టి, లోపల ఎపాక్సీ జిగురుతో అతుకుతారు. ఇంగ్లండులో 1960ల మొదట్లో మిర్రర్ అనే చిన్న పడవతో ఈ పద్ధతికి పేరొచ్చింది. కేరళ తీరంలో మత్స్యకారుల సంఘాలు 1980ల నుండి ఇలాంటి ప్లైవుడ్ పడవలు కట్టాయి. మనకూ కుట్టుపడవ కొత్తదేమీ కాదు. కోరమాండల్ తీరంలో మసూలా పడవలను మేకు లేకుండా కొబ్బరితాడుతోనే కుట్టేవారు.

మావయ్యకు అప్పటికి అరవై దాటాయి. ప్లైవుడ్ పలకను వేలితో కొట్టి చూసి, "ఇది చెక్కా, అట్టా?" అన్నాడు. అయినా వచ్చాడు. వారం రోజుల్లో పడవ నిలబడింది. అప్పుడే నాకు తొందర పట్టుకుంది. సెలవులు అయిపోతున్నాయి. వర్షాలు మొదలై గోదావరికి ఎర్రనీరు తగిలేలోగా పడవ నీళ్ళలో పడాలి. అతుకుల దగ్గర కారి గడ్డకట్టిన జిగురును చేత్తో రుద్దితే ఎన్నాళ్ళు పడుతుందో! కార్లకు రంగులు వేసే ఒక తెలిసినాయన దగ్గర గిర్రున తిరిగే రుద్దుడు మిషను అరువు తెచ్చాను. 40 నంబరు బిళ్ళ తగిలించాను.

ఆ ప్లైవుడ్ మందం 6 మిల్లీమీటర్లు, అందులో 5 పొరలు. అంటే పై పొర మిల్లీమీటరు, అటూ ఇటూ. నేను ముక్కు దగ్గర, పలక బాగా వంగిన చోట, జిగురు గడ్డ మీద మిషను పెట్టాను. గడ్డ గట్టిది గదా, నెమ్మదిగా అరుగుతోంది. ఇంకొంచెం అదిమాను. మిషను గడ్డ మీది నుండి పక్కకు జారింది. వంపు మీద తిరిగే బిళ్ళ అంచే ఆనుతుంది, మొత్తం ఆనదు. ఆ అంచు చెక్క మీద మూడో నాలుగో క్షణాలుంది, అంతే. నల్లని జిగురు గీత కనబడింది. ఏమిటా అని చూసేలోగా గీత కిందనున్న రెండో పొర, పోగు అడ్డంగా ఉన్న పొర, అరచేయంత మేర బయటపడింది.

మిషను ఆపాను. బావ చూస్తున్నాడు. ఆ పలకలు అతను కొబ్బరి షావుకారు దగ్గర అప్పు తెచ్చి కొన్నవి. ఏమీ అనలేదు. అక్క పందిట్లోకి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, మజ్జిగ గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

మావయ్య వచ్చి గాయం మీద చెయ్యి పెట్టి చూశాడు. "నీ చేతికి తెలుసురా. ఆ మిషనుకి తెలీదు" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ప్లైవుడ్‌కు బలమంతా బయటి పొరల్లోనే ఎక్కువ. ఒక పొర పోతే అక్కడ పలక అట్టే. ముక్కు రేవులో రాళ్ళకు తగిలే చోటు అది.

బాగుచేయడానికి నాలుగు రోజులు పట్టింది. గాయం చుట్టూ జానెడు మేర 80 కాగితంతో గరుకు చేసి, బయట రెండు పొరలు, లోపల ఒక పొర గాజుగుడ్డ ఎపాక్సీతో అంటించాం. జిగురు పూర్తిగా గట్టిపడేవరకు ముట్టకూడదు. పచ్చి ఎపాక్సీని రుద్దితే కాగితం మూసుకుపోవడమే గాక ఆ పొడి ఒంటికి పడక దద్దుర్లు లేస్తాయి. గట్టిపడ్డాక దాని పైకి చెమట పట్టినట్టు జిడ్డు పొర వస్తుంది, దాన్ని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి అప్పుడు రుద్దాలి. లేకపోతే జిడ్డును గీతల్లోకి దిగగొట్టినట్టవుతుంది.

ఇప్పుడు గాయం ఉన్నచోట బుడిపె వచ్చింది. గోరంత ఎత్తే గాని ఏటవాలు ఎండలో కొండలా కనబడుతోంది. నేనైతే బుడిపెను దించుదామనే చూశాను. దించితే మళ్ళీ గాజుగుడ్డే పోతుంది. మావయ్య బుడిపెను ముట్టుకోలేదు. సన్నని రంపపుపొట్టు కలిపిన ఎపాక్సీ ముద్దను దాని చుట్టూ మూరెడు దూరం వరకు, పోనుపోను పల్చనయ్యేలా పరిచాడు. ఆ ముద్ద ఆరాక పొడుగు బద్ద తీశాడు. ఏటవాలుగా ఇటు, ఏటవాలుగా అటు. ప్లైవుడ్ పలక అట్ట చుట్టినట్టు ఒక్క దిక్కుకే వంగుతుంది గనుక, ఆ దిక్కు పసిగడితే బద్దకు పని సులువు. పలకలు పేర్చి కట్టిన పడవ రెండు దిక్కులా వంగుతుంది, అది కష్టం. రెండు పూటలు బొగ్గు అద్దడం, లాగడం, మళ్ళీ అద్దడం. చివరికి కళ్ళు మూసుకుని చెయ్యి నడిపిస్తే నాకు గాయం ఎక్కడుందో తెలియలేదు. మిషను ఆ సాయంత్రమే ఇచ్చేసి వచ్చాను.

మిషన్లు అసలు వాడకూడదని నేననను. సన్నగా అదురుతూ తిరిగే చిన్న మిషన్లు ఉన్నాయి, కింద మెత్తని దిండు ఉంటుంది, 120 దగ్గర ఆఖరి నునుపుకు అవి మంచివే. వంపు తీరు దిద్దేది మాత్రం బద్దే.

లోపలి వంపులు

బయటి ఉబ్బెత్తుకు బద్ద ఉంది. లోపలి గుంటవంపుకు? దీనికి పెద్ద విద్య అక్కర్లేదు. తెగిపోయిన హవాయి చెప్పు తీసుకోండి. అడుగు భాగం బెత్తెడు ముక్క కోసి, దానికి కాగితం చుడితే లోతు తక్కువున్న వంపులకు చక్కగా అమరుతుంది. ఇంకా బిగువైన మూలలకు వంపుకు సరిపడే ప్లాస్టిక్ గొట్టం ముక్క గాని, సైకిలు ట్యూబు చుట్టిన వెదురుముక్క గాని. గొట్టం వంపు కన్నా కొంచెం సన్నంగా ఉండాలి, లావైతే రెండు అంచులూ గీసుకుపోతాయి. పక్క బద్దల సందుల్లో ఏదీ దూరదు. అక్కడ పగిలిన గాజు పెంకుతో గీకేవారు మా మావయ్య కాలంలో. చేతులు కోసుకుంటారు, పిల్లలకు ఇవ్వకండి. రేకు ముక్కకు అంచు పదును పెట్టుకున్నా అదే పని చేస్తుంది.

మేకు తలలు ముందే లోపలికి దిగగొట్టడం మరవకూడదు. ఒక్క మేకు తల పైకి ఉంటే రూపాయల కాగితం చిరిగిపోతుంది.

ముక్కులోకి పోయేది

ఇన్ని చెప్పిన మా మావయ్య ముక్కుకు ఎన్నడూ గుడ్డ కట్టుకోలేదు. పందిట్లో సాయంత్రం వేళ ఎండపొడలో చెక్కపొడి బంగారంలా తేలుతుంటే చూడముచ్చటగా ఉండేది. అదంతా ఎక్కడికి పోతుందని మేము అడగలేదు. కేన్సరు మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ 1995లో చెక్కపొడిని మనుషులకు కేన్సరు తెచ్చే పదార్థాల్లో చేర్చింది. ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకు ప్రమాదం. టేకు పొడి కొందరికి దురదలు, దద్దుర్లు తెస్తుంది. సన్నకాగితం పొడే ఎక్కువ చెరుపు, కంటికి కనబడకుండా ఊపిరితిత్తుల దాకా పోతుంది గనుక.

మావయ్యకు చివరి ఏళ్ళలో దగ్గు ఉండేది. అది పొడి వల్లనా, బీడీల వల్లనా అని డాక్టరు తేల్చి చెప్పలేదు. అత్తయ్య మాత్రం రెండింటినీ తిట్టేది.

తువ్వాలు కట్టుకుంటే చాలదు, సన్నపొడి నేతలోంచి దూరిపోతుంది. 2020లో కరోనా రోజుల్లో అందరం చూసిన ఎన్95 రకం మాస్కు ముఖానికి బిగుతుగా పెట్టుకోవాలి. గాలి మన వెనకనుండి వచ్చేలా నిలబడాలి. నేలను పొడిగా ఊడ్చకుండా నీళ్ళు చల్లి ఊడవాలి. పిల్లల్ని ఆ చుట్టుపక్కల ఆడుకోనివ్వకూడదు. ఇంకొక మాట. పలకలకు అవిసెనూనె రుద్దిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, వాటంతటవే వేడెక్కి మండుతాయి. కింద చెక్కపొడి కూడా ఉంటే చెప్పనక్కర్లేదు. ఆ గుడ్డలు విప్పి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్ళలో ముంచాలి.

ఇప్పటి షెడ్డులో

అక్కగారి పడవ 2006 ఆగస్టు వరదలో లంక నుండి ఎన్నో కుటుంబాలను ఒడ్డుకు చేర్చింది. ఆ తర్వాత ఇంకో అయిదేళ్ళు తిరిగింది. వెనక పలక చివికి పనికిరాకుండా పోయింది. ముక్కు దగ్గరి అతుకు మాత్రం చివరిదాకా అలాగే ఉంది. ఉదయం ఎండలో, ఉన్న చోటు తెలిసినవాడికి, లీలగా కనబడేది.

మావయ్య లేడు. మన తీరంలో ఇప్పుడు ఎటు చూసినా ఫైబరు పడవలే. చెక్క పని పోయిందనే అనుకున్నాను. కిందటి సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు మావయ్య మనవడు తన షెడ్డుకు తీసుకెళ్ళాడు. మధ్యలో బోర్లించి ఉంది ఒక పడవ, చెక్క పలకలది! ఆశ్చర్యపోయాను. అది నీళ్ళలోకి పోదట. ఫైబరు పడవలకు అచ్చు తీయాలంటే ముందు అసలు రూపం ఒకటి చెక్కతో కట్టాలి. దాన్ని 400, 800 నంబర్ల వాటర్ పేపర్‌తో అద్దంలా రుద్ది, మైనం పట్టించి, దాని మీద అచ్చు పోస్తారు. అచ్చులోంచి పడవలు ఒకదాని తర్వాత ఒకటి. ఈ చెక్క మీద ఒక మిట్ట మిగిలితే ప్రతి పడవకూ అదే చోట అదే మిట్ట. వాళ్ళ తాత ఒక పడవకు పడిన భయం ఇతనికి పుట్టబోయే అన్ని పడవలకూ కలిపి ఒకేసారి.

గోడకు తగిలించి ఉంది ఆ మూరన్నర బద్ద. పిడులు చేతి జిడ్డుకు నల్లగా మెరుస్తున్నాయి. కింద కొత్త కాగితం.

"మావయ్యా, మీరొకసారి చూడండి. నాకు కుడిపక్క ఎందుకో అనుమానంగా ఉంది" అన్నాడు కుర్రాడు. జేబులోంచి రుమాలు తీసి పలక మీద పరిచి, దాని మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాను. ముక్కు నుండి వెనక్కి నడుచుకుంటూ పోయాను. నాలుగు అడుగుల దాకా బాగానే ఉంది. అయిదో అడుగు దగ్గర చెయ్యి కొంచెం దిగింది. వెనక్కి వచ్చి మళ్ళీ నడిపించాను, మళ్ళీ అక్కడే దిగింది.

"ఇక్కడ" అన్నాను. కుర్రాడు సుద్ద తీసి గీత గీశాడు.